ఓదెలు పహిల్వాన్ గుంజిన చెయ్యి

ధూల్‌పేటలో ఓదెలు పహిల్వాన్ అంటే తెలియనివాళ్లు లేరు. అయితే ఆ పేరు కుస్తీల వల్ల వచ్చింది కాదు. పట్టిన కుస్తీల్లో గెలిచినవి పదకొండు. ఓడినవి ఎన్నో ఆయనకు గుర్తులేదు, గుర్తున్నా చెప్పే మనిషి కాదు. పేరంతా కట్ల వల్లనే. కాలు విరిగినా, భుజం జారినా, మెడ పట్టేసినా పాతనగరంలో సగం మంది ఆయన కుస్తీలు నేర్పే తాలీం గడపే తొక్కేవాళ్లు. మలక్‌పేటలో గుర్రప్పందేలు జరిగిన మర్నాడైతే, గుర్రాల మీంచి పడ్డవాళ్లూ గుర్రాలు తన్నినవాళ్లూ జట్కాల్లో దిగేవాళ్లు. ఓదెలు కళ్లు మూసుకుని, బొటనవేలితో ఎముక వెంబడి తడుముకుంటూ పోయి, "ఇగో, ఈడ" అని ఆగేవాడు. సరిగ్గా అక్కడే విరిగి ఉండేది.

ఈ విద్య ఆయనకు వైకుంఠం ఉస్తాదు దగ్గర అబ్బింది. ఉస్తాదు పోయి ఆరేళ్లయినా ఆయన మాట తాలీంలో శాసనమే. ఆయన చెప్పింది మూడు ముక్కలు. తప్పిన కీలును కూర్చోబెట్టు. కోడిగుడ్డు సొనలో మినపపిండి కలిపి పట్టు వేసి, వెదురు బద్దలు పెట్టి, నలభై రోజులు బిగించి కట్టు. కట్టు విప్పాక నూనె రాసి, నిటారుగా సాగేదాకా గుంజు. నలభై అంటే నలభయ్యే. ముప్పైతొమ్మిదో రోజు విప్పమని సర్కారు ఫర్మానా పంపినా ఓదెలు విప్పడు. ఇక గుంజడంలో ఆయన తర్వాతే ఎవరైనా.

కుస్తీ పట్టేవాడికి చెయ్యి బారుగా సాగాలి, సాగకపోతే వాడు గోదాలో దిగి చేసేదేమీ లేదు. అది నిజమే. కానీ తాలీం మట్టిలో పెరిగిన ఓదెలుకు దర్జీ చెయ్యైనా, మంగలి చెయ్యైనా, ఇత్తడి గిన్నెలు కొట్టేవాడి చెయ్యైనా పహిల్వాన్ చెయ్యిలాగే కనిపించేది. దీన్ని మొండితనమంటారో, అమాయకత్వమంటారో, మీరే ఏదో ఒక పేరు పెట్టుకోండి.

1941 శ్రావణంలో దబీర్‌పురా నుంచి కబురొచ్చింది. ఓదెలు చెల్లెలు రాజమణి బర్రెను కడుగుతుంటే అది ఒక్కసారిగా పక్కకు ఒరిగింది. ఆమె బురదలో కాలు జారి, కుడిచెయ్యి ఆనించి పడింది. మోచేతి కీలు తప్పింది.

రాజమణికి అప్పటికి ముప్పై నిండలేదు. మొగుడు పోయి మూడేళ్లు. రైలు స్టేషను వెనక చిన్న కొట్టం, నాలుగు బర్రెలు, ముసలి అత్త బుచ్చమ్మ, అదీ ఆమె సంసారం. మొగుడి అన్న సాయిలుకు యాకుత్‌పురాలో ఇరవై బర్రెల కొట్టం ఉంది. తమ్ముడు పోయినప్పుడే ఆ నాలుగు బర్రెలనూ తోలుకుపోతానని వచ్చాడు. బర్రెలతోపాటు మరదలూ వచ్చి పేడ ఎత్తుకుంటూ పడి ఉండవచ్చునన్నాడు. "పిండెటందుకు నా చెయ్యి ఉన్నన్ని దినాలు ఇవి ఈడికెళ్లి కదలయి బావా" అని రాజమణి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆ ఒక్క మాట మీదే మూడేళ్లు తలెత్తుకుని బతికింది. ఇప్పుడు ఆ చెయ్యే పోయి కూర్చుంది.

ఓదెలు వచ్చీ రాగానే కీలు కూర్చోబెట్టాడు. ఆ పని మాత్రం ఆయన చేస్తే చూడాలి. ఒక చేత్తో భుజం కింద పట్టుకుని, ఇంకో చేత్తో మణికట్టు దగ్గర మెల్లగా లాగుతూ, లాగుతూ, ఒకచోట చిన్నగా తిప్పాడు. టక్కుమని శబ్దం, అంతే. రాజమణి కెవ్వుమనేలోపే పని అయిపోయింది. తర్వాత బద్దలు పెట్టి, భుజం నుంచి గోళ్ల దాకా చుట్టడం మొదలుపెట్టాడు.

"వేళ్లన్న ఒదిలిపెట్టు అన్నా" అంది రాజమణి. "వేళ్లకేం కాలే గద. కట్టుల ఉంటే అవి మొద్దుబారిపోతయి."

"నీకెరుకనా, నాకెరుకనా? ఉస్తాద్ గిట్లనే కట్టెటోడు. నలభై దినాలు ఫికర్ లేకుంట పండుకో."

పదో రోజున సాయిలు వచ్చి చూశాడు. సాయిలు చెడ్డవాడేం కాదు. బర్రెల విషయంలో మాత్రం మనుషుల కన్నా బర్రెల పక్షమే మాట్లాడేవాడు. రోజూ రెండు పూటలా పాలు పితకడానికి తన జీతగాడు శివయ్యను పంపుతానన్నాడు. కొట్టంలో పెద్ద బర్రె చూడితో ఉంది. దాని పొట్టమీద చెయ్యి వేసి చూసి, ఓదెలు వైపు తిరిగాడు.

"బామ్మర్దీ, నువ్వూ ఉన్నప్పుడే చెప్తున్న. ఇది కార్తీకంల ఈనుతది. ఈనిన బర్రెకు సక్కగ పిండకపోతే పొదుగు రాయైతది, మల్ల పనికిరాదు. శివయ్య దగ్గరికి పోతే ఇది తంతది. ఈనిన తెల్లారి నేనొస్త. రాజమణి తన చేత్తోని పొదుగు ఖాళీ చేసిందా, బర్రెలు ఈడ్నే. చెయ్యలేదా, నాలుగూ నా కొట్టంలకే. లొల్లి చెయ్యద్దు మల్ల."

"గంతేనా? నా చెల్లె చెయ్యి అప్పటికి గదలెక్క అయితది, సూడు" అన్నాడు ఓదెలు మీసం మీద చెయ్యి వేసి.

నలభయ్యో రోజున కట్టు విప్పాడు. గద మాట దేవుడెరుగు, లోపల నుంచి ఎండిన చింతబరిక లాంటి చెయ్యి బయటికొచ్చింది. మోచెయ్యి వంగినచోటే బిగుసుకుపోయింది. అటు చాపితే సాగదు, ఇటు మడిస్తే ముడవదు. వేళ్లు మధ్యదాకా వచ్చి ఆగిపోతున్నాయి. రాజమణి తన చెయ్యిని తానే పరాయిదాన్ని చూసినట్టు చూసుకుంది. ఓదెలు మాత్రం కంగారు పడలేదు. కట్టు విప్పినప్పుడు ఏ చెయ్యైనా అట్లాగే ఉంటుంది, గుంజితే అదే వస్తుంది.

గుంజడం మొదలైంది. రాజమణి గోడకు ఆనుకుని కూర్చునేది. బుచ్చమ్మ భుజం పట్టుకునేది. ఓదెలు నువ్వుల నూనె పోసి, మోచేతి కండను బొటనవేళ్లతో పిసికి, మణికట్టు పట్టుకుని తన ఒంటి బరువంతా వెనక్కి వేసేవాడు. రాజమణి కొంగు నోట్లో కుక్కుకునేది. అయినా ఆ మూలుగు బయట బర్రెలకు వినపడి అవి మెడలెత్తేవి. పని అయ్యాక ఆమెను గోడవైపు నిలబెట్టి, చెయ్యి పైకెంత లేస్తే అంత మేర బొగ్గుతో గీత గీసేవాడు. తాలీం కుర్రాళ్ల ఎత్తు కొలిచే అలవాటు అది.

మొదటి రెండు రోజులు గీత వేలెడంత పైకి పోయింది. మూడోరోజు కదల్లేదు. ఐదోరోజు కిందికి దిగింది. తొమ్మిదో రోజుకి మొదటి గీత కన్నా రెండు వేళ్లు కిందనే ఆగింది. మోచేతి ముందు కండలో గట్టి గడ్డ ఒకటి తగిలింది. చెయ్యంతా కాగుతోంది. వేళ్లు వాచి, చెంబు మెడ కూడా పట్టుకోలేని స్థితికి వచ్చాయి. అన్నం తినేటప్పుడు ముద్ద నోటిదాకా రాదు. తల వంచి, నోటినే ముద్ద దగ్గరికి తీసుకుపోయేది. ఓదెలు ఆ తినడం చూడలేక ముఖం తిప్పుకునేవాడు.

ఆయనకు భయం పట్టుకుంది. పైకి చెప్పలేదు. భయపడ్డ మగాడు చేసే పనే ఆయనా చేశాడు, ఇంకా గట్టిగా గుంజాడు.

"ఒరే ఓదెలూ, పిల్లను సంపుతవా ఏంది?" అని ఆ రోజు బుచ్చమ్మ భుజం వదిలేసి లేచిపోయింది. "గడ్డపారతోని తవ్వినట్టు చేస్తున్నవు. ఇది చెయ్యి బిడ్డా, బాయి గాదు."

"అత్తా, నీకు తెల్వది. గీడ ఆపితే జనమల సాగదు" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆయనకు చలిజ్వరం వచ్చింది. మూడు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకమంటూ ఐదు రోజులు మంచం దిగలేదు. ఒంట్లో వణుకు ఒక ఎత్తు, బుర్రలో ఫికరు ఒక ఎత్తు. ఐదు రోజులు గుంజకపోతే చెయ్యి పూర్తిగా మూసుకుపోతుందని, కార్తీకం దూసుకొస్తోందని పలవరించాడు. ఆరోనాడు కాళ్లు తూలుతుంటే గోడలు పట్టుకుంటూ దబీర్‌పురా చేరుకున్నాడు.

గోడ మీద కొత్త గీతలు ఐదు ఉన్నాయి. ఎడమచేత్తో గీసినవి కాబోలు, వంకరటింకరగా ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పైకి ఎక్కుతున్నాయి. ఐదోది ఆయన గీసిన గీతలన్నిటి కన్నా జానెడు పైన ఉంది.

"ఇవి ఎవలు గీసిండ్రు?"

"నేనే."

"పిల్లలాటనా ఇది?" ఓదెలుకు చర్రున కోపమొచ్చింది. "ముసలామెను ఖుష్ చేసెటందుకు గీసినవా? అబద్ధం గీతలు గీస్తే చెయ్యి సాగుతదా?"

రాజమణి గోడకు ఎదురుగా నిలబడి చెయ్యి ఎత్తింది. వేళ్ల కొస ఐదో గీతను దాటి ఇంకో అర అంగుళం పైకి పోయి ఆగింది. ఓదెలు దగ్గరికొచ్చి, కాలి మడమలు లేపిందేమోనని వంగి చూశాడు. మడమలు నేలమీదే ఉన్నాయి. మోచెయ్యి తడిమాడు. వేడి తగ్గింది. వాపు సగానికి సగం దిగింది. గడ్డ మాత్రం ఉంది. "పిడికిలి పట్టు" అన్నాడు. వేళ్లు అరచేతిని తాకాయి.

ఆయన అక్కడే గడ్డివాము పక్కన కూలబడ్డాడు. జ్వరం వల్ల కాదు.

తొమ్మిది రోజులు తాను పట్టుకున్నప్పుడు దిగిన చెయ్యి, ఐదు రోజులు తాను రానప్పుడు లేచింది. ఇందులో తెలియనిదేముంది? గోడ మీద రాసి ఉంది. అప్పుడు ఆయనకు పాత చేతులన్నీ గుర్తొచ్చాయి. చార్‌కమాను దర్జీ, శాలిబండ కంసాలి, బేగంబజారు హమాలి. మోచేతుల కోసం వచ్చినవాళ్లు నాలుగు రోజులు గుంజించుకుని మళ్లీ కనిపించేవాళ్లు కాదు. రానివాళ్లందరికీ బాగైపోయిందనే ఇన్నాళ్లూ అనుకున్నాడు. బాగై రాలేదో, ఓర్చుకోలేక రాలేదో ఒక్కరినైనా పోయి అడగలేదు.

తలెత్తి, "ఏం జేసినవు ఈ ఐదు దినాలు?" అని అడిగాడు. కట్టు కట్టే మనిషి కట్టించుకున్న మనిషిని అట్లా అడగడం ఆయన జన్మలో అదే మొదటిసారి.

"ఏం జెయ్యలే అన్నా. గోరువెచ్చటి నీళ్ల బకెట్ల పెట్టి వేళ్లు మూసుకుంట తెరుసుకుంట కూసున్న. నా చెయ్యి నేనే లేపిన, ఎవల్ని ముట్టనియ్యలే. నొప్పి లేసినకాడ ఆగిన. మల్ల పొద్దుమీకి జరంత ముందుకు పోయిన. నువ్వు గుంజితే చెయ్యి భయపడి ముడుసుకుంటది. నేను లేపితే మెల్లగ ఒస్తది."

మర్నాటి నుంచి ఓదెలు వచ్చేవాడు, కానీ ముట్టేవాడు కాదు. ఆయన కండలకు ఇది కుస్తీ కన్నా కష్టమైన పని. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుని చూసేవాడు. ఒకరోజు రాజమణి బాగున్న ఎడమచేత్తో ముసలి బర్రెను పితుకుతుంటే వంగి వంగి చూశాడు. బొటనవేలు, చూపుడువేలు పైన మూసుకుంటున్నాయి. కింద మిగతా వేళ్లు ఒకదాని వెంట ఒకటి నొక్కుతున్నాయి. మణికట్టు కొద్దిగా కదులుతోంది. మోచెయ్యి వంగే ఉంది. మొదటినుంచి చివరిదాకా వంగే ఉంది.

"చెయ్యి సాపుతనే లేవు గదనే" అన్నాడు బిత్తరపోయి.

"పాలు పిండెటందుకు చెయ్యి సాపుడేంది అన్నా?" అని రాజమణి నవ్వింది. కట్టు విప్పాక ఆమె నవ్వడం అదే మొదలు.

ఆయన మాత్రం నవ్వలేదు. చెల్లెలికి కావలసింది వేళ్లలో పట్టు. తాను తొమ్మిది రోజులు ప్రాణాలు తోడింది పహిల్వాన్‌కు కావలసిన బారు చెయ్యి కోసం. ఆ గుంజుడుకు వేళ్లు వాచి, ఉన్న పట్టు కూడా పోయింది. తల పగలగొట్టుకోవాలనిపించింది, కానీ దానికీ వేళ లేదు. తడిగుడ్డను చన్నులంత లావున చుట్టి కొట్టం గుంజకు కట్టాడు. పొద్దున పది, సాయంత్రం పది పిండమన్నాడు. నొప్పి పెడితే ఆగమన్నాడు. రెండో రోజున చెయ్యి వేడెక్కితే మర్నాడంతా సెలవిచ్చాడు. పది ఇరవై అయ్యాయి, ఇరవై యాభై అయ్యాయి. దసరా పోయింది, దీపావళి పోయింది. ముసలి బర్రెకు రెండు చేతులతో పావువంతు పితికేదాకా వచ్చింది. ఆ తర్వాత వేళ్లు కొంకర్లు పోయేవి. పెద్ద బర్రె పొదుగు రోజురోజుకీ దిగుతోంది.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం అది ఈనింది. పెయ్యదూడ. మర్నాడు పొద్దున సాయిలు నాలుగు పలుపుతాళ్లు భుజాన వేసుకుని, శివయ్యను వెంటపెట్టుకుని వచ్చాడు. తాళ్లు చూడగానే బుచ్చమ్మ దేవుడి గూడు ముందుకు పోయి కూర్చుంది.

రాజమణి దూడను వదిలింది. అది పొదుగును కుమ్మి కుమ్మి తాగింది. బర్రె పాలు చేపింది. దూడను పక్కకు కట్టి, పాలు పట్టే తంబాలు మోకాళ్ల మధ్య పెట్టుకుని, ఆమె ముందు రెండు చన్నులు పట్టుకుంది. పసుపుపచ్చని జున్నుపాలు చిక్కగా తంబాలులో పడ్డాయి. ఎడమచేతి ధార దబదబ పడుతోంది. కుడిచేతి ధార సన్నగా, ఆలస్యంగా వస్తోంది. వస్తే వచ్చింది, తెగకుండా వస్తోంది.

ముందువి రెండూ అయ్యాయి. వెనకవి పట్టుకుంది. కాసేపటికి కుడిచేతి ధార తెగింది. వేళ్లు కొంకర్లు పోయి కొక్కేల్లా ఆగిపోయాయి. బర్రె చిరాగ్గా కాలు మార్చింది. రాజమణి నుదుటి చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు.

"గదే అయిపాయె" అన్నాడు సాయిలు, పెద్ద గొంతుతో కాదు. "లే, రాజమణి. కాళ్లు కట్టి శివయ్య పిండుతడు. పొదుగుల పాలు ఆగితే పాపం తగులుతది."

ఓదెలు ఒక్క అడుగు ముందుకు వేశాడు. ఆ చెయ్యి పట్టుకుని, కండ పిసికి, వేళ్లు విడదీయాలని ఆయన ఒళ్లంతా కొట్టుకుంటోంది. రాజమణి తల తిప్పి చూసింది.

"అన్నా, రాకు."

ఆయన ఆగాడు. చేతులు వెనక్కి పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. ఉస్తాదు దగ్గర నేర్చిన పట్లన్నిటిలోకీ అది గట్టి పట్టు. రాజమణి కుడిచెయ్యిని పక్కనున్న వెచ్చని నీళ్లలో ముంచింది. తొందరపడలేదు. ఎడమచేత్తో పొదుగు నిమురుతూ, "హో, హో, ఆగు తల్లీ" అంటూ బర్రెకు బుద్ధులు చెప్పింది. వేళ్లు ఒకటొకటిగా విడివడ్డాయి. మూసింది, తెరిచింది, మళ్లీ మూసింది. తడి కొంగుతో తుడుచుకుని తిరిగి చన్ను పట్టుకుంది. రెండుసార్లు ఏమీ రాలేదు. మూడోసారి ధార తంబాలు అంచుకు తగిలి మోగింది.

చివరికి రాజమణి లేవకుండానే పక్కకు జరిగింది. సాయిలు వంగి పొదుగును నాలుగువైపులా నొక్కి చూశాడు. మెత్తగా వేలాడుతోంది. నాలుగు చన్నులూ స్వయంగా లాగి చూశాడు. చుక్క రాలేదు.

"ఖాళీ అయింది" అన్నాడు. తాళ్లు భుజానికి ఎత్తుకున్నాడు. "శివయ్యను రేపటిసంది పంపియ్యను. పొద్దుమీకి పిల్లలకు జున్ను పంపు" అని వెళ్లిపోయాడు.

బుచ్చమ్మ ఏడుస్తూనే బెల్లం దంచి జున్ను పొయ్యిమీద పెట్టింది. ఓదెలు, రాజమణి కొట్టం అరుగు మీద కూర్చుని తిన్నారు. ఆమె జున్నుముక్క చేతిలోకి తీసుకుని, చెయ్యి వచ్చినంత మేర పైకెత్తి, మిగతా దూరం తల వంచింది. వేళ్లు తిరిగొచ్చాయి గాని, మోచెయ్యి మాత్రం అంతకు మించి ముడవలేదు, సాగలేదు. కండలో గడ్డ అట్లాగే ఉంది. ఇక అది పోయేది కాదని ఓదెలు వేళ్లకు తెలుసు.

"అన్నా, ఒక్క మాట అడుగుత, నిజం జెప్పు" అంది రాజమణి. "నువ్వు గుంజకపోయి ఉంటే ఇది మంచిగయ్యేదా?"

చెప్పడానికి ఆయన దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. దెబ్బ పెద్దదనవచ్చు, నుదుటి రాత అనవచ్చు, ఉస్తాదు మాట అనవచ్చు. ఏది చెప్పినా నమ్మేవాళ్లే. రాజమణి కూడా నమ్మేదేమో.

"అయ్యేది చెల్లె" అన్నాడు. "కీలు నేను మంచిగనే కూసోబెట్టిన. వేళ్లు ఇడిసిపెట్టి, పదిహేను దినాలకు కట్టు ఇప్పి, నీ చెయ్యి నీకు అప్పజెప్తే సక్కగయ్యేది. చెడగొట్టింది నేనే." అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

రాజమణి ఓదార్చలేదు. తిట్టనూ లేదు. ఆయన ఏడుపు అయ్యేదాకా ఆగి, జున్నుగిన్నె ఆయన ముందుకు జరిపింది.

"తిను. రేపు ఎవలన్న మోచెయ్యి పట్టుకోని తాలీంకు ఒస్తే, గిప్పుడు నాకు జెప్పిన ముచ్చట ముందుగాల వాళ్లకు జెప్పు."

ఓదెలు చెప్పాడు. ఆ తర్వాత తాలీంకు మోచెయ్యి పట్టుకుని వచ్చిన ప్రతివాణ్నీ కూర్చోబెట్టి, "నా చెల్లె చెయ్యి నేనే చెడగొట్టిన. ఇది ఇన్నంక ఉంటే ఉండు, పోతే పో" అనేవాడు. ఇదేం పహిల్వాన్ అని సగం మంది లేచి వెళ్లిపోయేవాళ్లు. ఉన్నవాళ్ల కట్టు పదిహేనో రోజున విప్పి, గోడకు ఎదురుగా నిలబెట్టి, వాళ్ల చెయ్యి వాళ్లనే లేపమని చెప్పి, తన చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడేవాడు.